నోటికొచ్చిన నంబరు

ఆవిడను ఇంట్లో అందరూ తాళంకప్ప అనేవారు. ఎదురుగా కాదు లెండి, ఎదురుగా అనే దమ్ము ఎవరికుంది? ఆ పేరు పెట్టినవాడు మరిది. "మా వదిన బీరువా తాళాలైనా సంపాదించొచ్చు గానీ, ఆవిడ ఫోన్ నంబరు సంపాదించడం మాత్రం ఎవరి తరమూ కాదు" అని వచ్చినవాళ్ళకల్లా చెప్పి నవ్వేవాడు.

అందులో అబద్ధమేమీ లేదు. ఆవిడ పనిచేసేది కళ్ళద్దాల షాపులో, బిల్లు కౌంటరు దగ్గర. పొద్దున షట్టరు ఎత్తింది మొదలు సాయంత్రం ఇంటికి బయల్దేరేదాకా ఆవిడ నోట్లో నలిగే మాట ఒకటే: "మీ నంబరు చెప్పండి." అద్దాలు తయారవగానే మెసేజ్ పెడతామని చెప్పి అడిగేది. మెసేజ్ పెట్టేవాళ్ళు కూడా. కాకపోతే ఆ నంబరు అక్కడితో ఊరుకునేది కాదు. షాపు యజమాని అప్పుడప్పుడూ ఆ నంబర్లన్నీ మూటగట్టి ఎవరికో పంపించేవాడు. ఎవరికండీ అంటే "మనవాడేలేమ్మా" అనేవాడు. ఆ మనవాడికి ఇంకెంతమంది మనవాళ్ళున్నారో ఎవరికి తెలుసు! అద్దాలు పెట్టుకుని వెళ్ళిన పెద్దమనిషి తిరిగొచ్చి, "ఏంటమ్మా ఇది, మీ దగ్గర అద్దాలు కొన్నప్పటినుంచి పళ్ళ డాక్టర్లు, స్థలాలు అమ్మేవాళ్ళు, అప్పులిస్తామనేవాళ్ళు ఒకటే ఫోన్లు. చూపు సంగతి దేవుడెరుగు, ముందు చెవులు పోయేలా ఉన్నాయి" అని మొత్తుకుంటే, "అయ్యో, అలాగా అండీ" అని ఏమీ ఎరగనట్టు మొహం పెట్టేది.

హోటల్లో వంటచేసేవాడు హోటల్లో తినడంటారు. ఆవిడా అంతే. తన నంబరు ఎక్కడా ఇచ్చేది కాదు. అంతకుముందు రెండు నంబర్లు పాడయ్యాయి మరి. ఒకటి బట్టల షాపులో లక్కీ డ్రా డబ్బాలో పడి పాడైంది. రెండోది మొగుడి వల్ల. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. పొయ్యి రిపేరుకొచ్చినవాడు అడిగితే తనదీ ఇచ్చి, పెళ్ళాందీ ఇచ్చాడు. అందుకని మూడో నంబరు తీసుకున్నాక దాన్ని మొగుడికీ, షాపు యజమానికీ, తోడికోడలికీ తప్ప ఎవ్వరికీ చెప్పలేదు. చెప్పినప్పుడు కూడా నోటితో చెప్పలేదు, వాళ్ళ ఫోనుకి రింగిచ్చి ఊరుకుంది. అదేమో వంకరటింకర నంబరు, ఒక అంకెకీ ఇంకో అంకెకీ పొత్తు లేదు.

పైగా ఊరందరికీ సలహాలు. "అడిగారని ఇచ్చెయ్యడమేనా? నంబరు చెప్పకపోతే బిల్లు కొట్టకూడదనే చట్టం ఎక్కడుంది?" అనేది. "ప్రచారం ఫోన్లలో వద్దనుకుంటే రెండు నొక్కండి అంటారు చూడు, నొక్కావో చచ్చావే! ఈ నంబర్లో మనిషి ఉన్నాడని వాళ్ళకి తెలిసిపోతుంది" అనేది. అన్నీ నికార్సయిన మాటలే. వినేవాళ్ళు విని బాగుపడేవారు.

వినని మనిషి ఒక్కతే. ఆవిడే కింద వాటాలో ఉండే తోడికోడలు.

చిన్నామె కర్టెన్లు, సోఫా కవర్లు కుట్టేది. ముందు గదిలోనే మిషను. గేటుకు తన ఫోన్ నంబరు ఇంతింత అక్షరాలతో రాయించి పెట్టింది. ఎవరడిగితే వాళ్ళకి ఆ నంబరు చెప్పేది, అడగకపోయినా చెప్పేది. పెళ్ళయిన కొత్తలో మరిది ఏరికోరి తెచ్చిచ్చిన నంబరది. ముందు రెండు తొమ్మిదులు, మధ్యలో రెండు సున్నాలు, చివర వరసగా మూడు ఏడులు. ఒకసారి వింటే చెవిటివాడికి కూడా గుర్తుండిపోతుంది. ఆ ఫోను పొద్దున్నించి మోగుతూనే ఉండేది. చిన్నామె దాన్ని చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, కాళ్ళతో మిషను తొక్కుతూ, అవతలివాళ్ళతో నవ్వుతూ మాట్లాడేది. ఆ మిషను చప్పుడూ ఆ నవ్వూ కలిసి మెట్లమీదుగా పై వాటాలోకి వచ్చేవి.

పై వాటాలో ఉన్నావిడకి ఒళ్ళు మండిపోయేది. ఏమాటకామాటే చెప్పుకోవాలి, ఆవిడకి కుళ్ళు. ఉత్త కుళ్ళు కాదు, కడుపులో కుంపటి పెట్టినట్టు ఉండే కుళ్ళు. తన ఫోను తను మూసిపెట్టుకున్నందుకు మోగదు, సరే. మరి దానికి ఎందుకు మోగాలి? ఏం గొప్ప ఉందని దానితో అందరికీ మాటలు? వంట అంతంతమాత్రం. ఇల్లు చూస్తే గుడ్డముక్కల కుప్ప. అయినా వచ్చినవాళ్ళు అక్కడే ఆగిపోతారు, పైకెక్కరు. మొగుడు కూడా సాయంత్రం వచ్చాక మొదటి మెట్టు మీదే కూర్చుని తమ్ముడితో కబుర్లు, నవ్వులు.

అవన్నీ ఓర్చుకుంది. ఓర్చుకోలేనిది చిట్టి సంగతి.

చిట్టి ఆవిడ కూతురు, ఒక్కగానొక్కతి. పదమూడేళ్ళ పిల్ల. స్కూలునుంచి వచ్చి, పుస్తకాల సంచి పైన విసిరేసి, చెప్పులు కూడా విప్పకుండా కిందకి ఉరికేది. పిన్ని దగ్గరే తిండి, పిన్ని దగ్గరే హోంవర్కు. చిన్నామెకి పిల్లల్లేరు, చిట్టి నడకలు నేర్చింది ఆ మిషను చుట్టూనే. మాటలు వచ్చే వయసులో చిన్నామె ఆ పిల్లని ఒళ్ళో కూర్చోపెట్టుకుని, మిషను చప్పుడుకి తగ్గట్టు "డబుల్ నైన్..." అంటూ మొదలెట్టి తన నంబరును పాటలా చెప్పించేది. చివరికొచ్చేసరికి ఆగేది. చిట్టి చేతులు పైకెత్తి "ట్రిపుల్ సెవెన్!" అని అరిచేది. అప్పుడిద్దరూ పడీపడీ నవ్వేవారు. ఆ ఆట ఏళ్ళు గడిచినా మానలేదు.

"పొరుగింటి పుల్లకూర రుచి అని ఊరికే అనలేదు" అని ఆవిడ మొగుడి దగ్గర సణిగేది.

"పొరుగిల్లేంటే, మన ఇల్లేగా. మా తమ్ముడి పెళ్ళామేగా" అనేవాడాయన.

"మీకేం తెలుస్తుంది? కన్నది నేను."

"నేను కాదన్నానా?"

ఆయనతో పోట్లాడినా సుఖం లేదు. దిండుతో పోట్లాడినట్టుంటుంది.

ఒకరోజు స్కూల్లో చిట్టికి జ్వరం తగిలింది. టీచరమ్మ ఇంటి నంబరు చెప్పమంటే పిల్ల తడుముకోకుండా చెప్పింది. ఎవరిదో మీకు తెలిసిందే. చిన్నామె కుట్టే కర్టెను అలాగే మిషను మీద వదిలేసి పరుగెత్తింది. పిల్లని డాక్టరుకి చూపించి, ఇంటికి తెచ్చి, నుదుటిమీద తడిగుడ్డ వేసి పడుకోపెట్టింది. తల్లికి సంగతి తెలిసింది సాయంత్రం ఇంటికొచ్చాకే.

"నాకెందుకు ఫోన్ చెయ్యలేదు?" అని ఆవిడ చిన్నామె మీద లేచింది.

"చేశానక్కా. నువ్వు షాపులో సైలెంట్లో పెడతావుగా, ఎత్తలేదు."

నిజమే. ఆ మాట నిజమవడం ఇంకా మండించింది. కూతురి దగ్గర కూర్చుని, "నా నంబరు చెప్పొచ్చుగా టీచరుకి?" అంది.

చిట్టి జ్వరంలోనే కళ్ళు విప్పి చూసింది. "నీ నంబరు నాకు రాదమ్మా. ఎవరికీ చెప్పకూడదన్నావుగా. చెప్పకూడని దాన్ని నేర్చుకోవడం ఎందుకని నేర్చుకోలేదు."

ఆవిడ లేచి, మందులు తెచ్చే నెపంతో బయటకి వచ్చేసింది. దారిలో సరుకుల షాపుకి వెళ్ళి నాలుగు వస్తువులు బుట్టలో వేసుకుంది. కౌంటరు దగ్గర అలవాటైన ప్రశ్న ఎదురైంది: "నంబరు చెప్పండి మేడమ్." ఇంకోరోజైతే "లేదండీ" అని మొహం తిప్పుకునేదే. ఆరోజు చెవుల్లో ఆ నంబరే గింగిర్లు తిరుగుతోంది. "డబుల్ నైన్" అని మొదలుపెట్టింది, చివర మూడు ఏడులదాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది.

బయటకి వచ్చాక ఒక్కసారి వెనక్కి తిరిగి చూసింది. ఆ వెంటనే ఏదో హాయిగా కూడా అనిపించింది. పోనీ, దానికి మోగడమంటే ఇష్టమేగా, మోగనీ అనుకుంది.

మొదటిసారి నోరు జారింది. తర్వాత ఆ నోరు రుచి మరిగింది. చెప్పుల షాపులో, మందుల షాపులో, దారిలో నిలబెట్టి ఉచిత బహుమతి అనేవాడి దగ్గర, సంచులూ గొడుగులూ అమ్మే షాపులో, కొత్త ఫ్లాట్ల బొమ్మ పెట్టుకుని కూర్చున్న అమ్మాయి దగ్గర, ఎక్కడ నంబరడిగితే అక్కడ తోడికోడలి నంబరు. ఎవరైనా చెల్లెలికి పూలు ఇచ్చినంత ఉదారంగా ఇచ్చేది. తన నంబరు తన దగ్గరే భద్రం. కంచెలేని చేను దానిది, ఎవరు మేస్తే నాకేం అని సమాధానం చెప్పుకునేది. మేపుతున్నది తానేనన్న సంగతి మాత్రం తలుచుకునేది కాదు.

కింద వాటాలో ఫోను మోగడం ఎక్కువైంది. మొదట్లో చిన్నామె నవ్వుతూనే మాట్లాడేది. "లేదండీ, మాకు ఫ్లాటొద్దు. మాది సొంత ఇల్లేనండీ. మీరు భోంచేశారా?" అనేది. ఆ తర్వాత నవ్వు మాని, ఉత్త "వద్దండీ" మిగిలింది. ఇంకొన్నాళ్ళకి ఆ మాటలో విసుగు చేరింది. సూదిలో దారం ఎక్కిస్తుంటే ఒక ఫోను, గుడ్డ కొలుస్తుంటే ఒక ఫోను. ఒకసారి మాటల్లో పడి కత్తెర పక్కకి పోయి ఎవరిదో ఖరీదైన గుడ్డ అడ్డంగా తెగింది.

"ఏంటక్కా ఇది, నా నంబరు ఎవడో ఊరంతా పంచినట్టున్నాడు" అని మెట్ల దగ్గర తల పట్టుకుంది.

"నేను చెబితే విన్నావా? గేటు మీద రాసుకున్నావు. అనుభవించు" అంది ఆవిడ. ఆ మాట అంటుంటే నాలుక మీద చక్కెర వేసుకున్నట్టుంది.

చివరికి చిన్నామె తెలియని నంబర్లు ఎత్తడం మానేసింది. మోగితే చూసి, పేరు కనిపించకపోతే కట్ చేసేది. మళ్ళీమళ్ళీ చేస్తే ఆ నంబరును బ్లాక్ చేసేది. కొత్తగా కర్టెన్లు కుట్టించుకోవాలనుకున్నవాళ్ళు ఫోన్ చేసి చేసి, గేటు దాకా వచ్చి, "ఎందుకమ్మా బోర్డు? ఎత్తనప్పుడు?" అని దెప్పిపోయేవారు. కొందరు ఆ దెప్పడానికి కూడా రాలేదు, వేరే చోటికి పోయారు. మిషను చప్పుడు తగ్గింది. పై వాటాలో తాళంకప్పకి సెలవురోజు మధ్యాహ్నాలు కంటినిండా నిద్ర పట్టసాగింది.

ఇంతలో వానలు మొదలయ్యాయి.

చిట్టి వారానికి రెండుసార్లు ఈత నేర్చుకోవడానికి వెళ్ళేది. ఆ ఈతకొలను మరమ్మతుకు రావడంతో క్లాసును వేరే పేటకి మార్చారు. బస్సులో వెళ్ళి బస్సులో రావాలి. ఆరోజు సాయంత్రం వాన దంచికొట్టింది. రోడ్డు నీళ్ళలో మునిగి బస్సు వేరే దారి పట్టింది. ఎక్కడో తెలియని చోట అందరూ దిగుతుంటే చిట్టి కూడా దిగేసింది. దిగాక చూస్తే తెలిసిన గోడ ఒక్కటి లేదు.

ఇంటి దగ్గర రావలసిన వేళ దాటింది. మొగుడు ఒకవైపు, మరిది ఒకవైపు బండ్లు వేసుకుని బయల్దేరారు. ఆవిడ గేటు పట్టుకుని నిలబడింది. చిన్నామె వానలోనే వీధి మలుపు దాకా వెళ్ళడం, రావడం, మళ్ళీ వెళ్ళడం. ఆమె చేతిలో ఫోను ఊరికే మోగుతోంది. ఆమె చూస్తోంది, తెలియని నంబరు, కట్ చేస్తోంది. "పిల్ల కనపడక నేను చస్తుంటే మధ్యలో ఈ దరిద్రులొకళ్ళు" అని ఏడుస్తూ ఒక నంబరును బ్లాక్ చేసి పారేసింది. తాళంకప్ప చూస్తూనే ఉంది. ఏమీ తట్టలేదు ఆవిడకి. తర్వాత తట్టింది గానీ, అప్పుడు తట్టలేదు.

చీకటి పడే వేళకి చిట్టి వచ్చింది. ఒక మందుల షాపావిడ బస్సెక్కించి పంపించిందట. తల నుంచి కాళ్ళదాకా నీళ్ళు కారుతున్నాయి. తల్లి చేతులు చాచింది. పిల్ల ఆ చేతులవైపు రాలేదు, నేరుగా పిన్ని ముందుకు వెళ్ళి నిలబడింది.

"ఎందుకు కట్ చేశావు పిన్నీ?"

"ఏంటమ్మా?"

"ఆ ఆంటీ ఫోన్లోంచి నీకు చేశాను. చేస్తూనే ఉన్నాను. మోగుతోంది, నువ్వు కట్ చేస్తున్నావు. తర్వాత అసలు మోగనే లేదు. నువ్వు ఎత్తుతావని ఆ ఆంటీతో ఎంత చెప్పానో. మా పిన్ని ఎత్తకుండా ఉండదని చెప్పాను!"

చిన్నామె ఫోను వైపు చూసుకుంది. ఆ మొహంలో నెత్తురు చుక్క లేదు. తడిసిన మెట్టు మీద కూలబడి, "నువ్వని అనుకోలేదమ్మా, నువ్వని తెలియదమ్మా" అని అదే మాట పదేపదే అంటూ వెక్కివెక్కి ఏడ్చింది. చిట్టి దగ్గరికి వెళ్ళలేదు. తల్లి పక్కకి వచ్చి, ఆవిడ చీర కొంగు కప్పుకుని, ఆవిడ నడుం చుట్టూ చేతులు వేసి మొహం దాచుకుంది.

ఆ క్షణాన తాళంకప్ప గుండెల్లో రెండు జరిగాయి. ఎవడిదో నంబరు అనుకుని కట్ చేసిన ఆ ఫోను చిట్టిదని, అలా కట్ చేయడం నేర్పింది తానేనని అర్థమై రాయి పడినట్టయింది. దానితోపాటే, తన నడుం చుట్టూ బిగుసుకున్న ఆ రెండు చేతులు. ఎన్నేళ్ళయింది పిల్ల అలా పట్టుకుని! పాపం, సంతోషం కూడా కలిగింది. ఏం చేస్తాం, కలిగింది. నిజం చెబితే ఆ చేతులు జారిపోతాయి. ఆవిడ నోరు మూసుకుంది.

ఆ తర్వాత చిట్టి కిందకి వెళ్ళడం మానేసింది. స్కూలునుంచి వచ్చి పైనే ఉండి, తల్లి రాగానే ఆవిడ దగ్గరే కూర్చునేది, తల్లి పెట్టింది తినేది. చిన్నామె గిన్నెలో ఏదో చేసి మెట్లమీద పెట్టి వెళ్ళేది. అది అక్కడే చల్లారిపోయేది. తాళంకప్పకి కావలసింది దక్కింది. దక్కినదాన్ని తినబోతే మాత్రం గొంతు దిగలేదు.

ఎందుకంటే కింద ఇప్పుడు ఫోను మోగిందంటే, మొదటి రింగుకే "హలో!" అని వినపడుతోంది. పొద్దున్నే "హలో!", వంట మధ్యలో "హలో!", స్నానాల గదిలోంచి తడి కాళ్ళతో పరుగెత్తుకొచ్చి "హలో!" ఆ వెంటనే చతికిలబడిన గొంతుతో, "వద్దండీ... లేదండీ... మాకొద్దండీ." ఒకరోజు చిన్నామె పైకొచ్చి గుమ్మం దగ్గరే నిలబడింది. కళ్ళకింద నల్లగా చారలు.

"అక్కా, నీకు ఇవన్నీ తెలుసుగా. ఈ ఫోన్లు ఆగాలంటే ఏం చెయ్యాలో చెప్పవా?"

దొంగనే పిలిచి తాళం ఎలా వెయ్యాలో అడిగినట్టయింది. అయినా చెప్పింది. నెట్‌వర్కు కంపెనీకి ప్రచారం ఫోన్లు వద్దని చెప్పి రాయించుకోవాలనీ, తెలియని లింకులు ముట్టుకోకూడదనీ, కుట్టుపనికి వేరే నంబరు తీసుకుని గేటు మీద అది రాయించమనీ చెప్పింది. "అన్నిటికన్నా సుఖం ఏంటంటే, ఈ నంబరు పారేసెయ్యి. కొత్తది తీసుకో, ఎవరికీ ఇవ్వకు. లేదా పేర్లున్న వాళ్ళవే మోగేట్టు పెట్టుకో."

చిన్నామె తల అడ్డంగా ఊపింది. "అది మాత్రం చెప్పకక్కా. చిట్టికి నోటికొచ్చిన నంబరు ఇదొక్కటే. మళ్ళీ ఎప్పుడైనా ఎక్కడైనా ఇరుక్కుంటే? ఎవరి ఫోన్లోంచి చేస్తుందో ఏమో. అందుకే అన్నీ ఎత్తుతున్నా. ఏది వచ్చినా పిల్లదేమో అనిపిస్తోంది." వెళ్ళబోతూ వెనక్కి తిరిగి, "నామీద కోపం తగ్గిందా దానికి?" అనడిగింది.

"తగ్గుతుందిలే" అంది తాళంకప్ప. ఆ సాయంత్రం అన్నం సహించలేదు. అయినా చెప్పలేదు. నాకోసం ఎవరూ ఇంత పడిగాపులు కాయరు, నేనూ ఎవరికోసమూ ఇలా కాయలేదు అనిపించి, జాలితోపాటు పాత కుంపటి మళ్ళీ రాజుకుంది. ఏడుపులో కూడా దానిదే పైచేయి అనుకుంది.

ఆ ఆదివారం చిట్టికి గొడుగు కొనడానికి ఇద్దరూ బజారుకి వెళ్ళారు. సంచులూ గొడుగులూ అమ్మే షాపే. చిట్టి ఒక నీలం గొడుగు ఏరుకుంది. తెరిచి, మూసి, మళ్ళీ తెరిచి చూస్తోంది. వెనక నలుగురు వరసలో ఉన్నారు.

"నంబరు చెప్పండి మేడమ్" అంది కౌంటర్లో అమ్మాయి.

ఆవిడ పర్సులో చిల్లర వెతుకుతోంది. మనసు ఎక్కడో ఉంది. నోరు మాత్రం తన పని తాను చేసుకుపోయింది. "డబుల్ నైన్..." దగ్గర మొదలై, సున్నాలు దాటి, చివరికొచ్చి ఊపిరికోసం ఆగింది.

"ట్రిపుల్ సెవెన్" అంది చిట్టి.

అని, తెరిచిన గొడుగు కిందే నిలబడిపోయింది. చిన్నప్పటి ఆట ప్రకారం సగం లేచిన చెయ్యి గాల్లో ఉంది. మెల్లగా దించింది.

"అమ్మా, అది పిన్ని నంబరు."

"అయ్యో, అలవాటుగా వచ్చేసిందే. పొరపాటు."

"పొరపాటు కాదు మేడమ్, కరెక్టే" అంది కౌంటరమ్మాయి, సాయం చేస్తున్నాననుకుని. "ఇక్కడుంది. పోయినసారి బ్యాగు కొన్నప్పుడు, అంతకుముందు కూడా ఇదే ఇచ్చారు. ఆఫర్లన్నీ దీనికే పంపిస్తున్నాం."

చిట్టి తల్లి మొహంలోకి చూసింది. అంత సూటిగా అంతకుముందెప్పుడూ చూడలేదు. "మరి నీ నంబరేదమ్మా? చెప్పు."

ఆవిడ నోరు తెరిచింది. మొదటి అంకె వచ్చింది. రెండోది ఆరో, మూడో? తర్వాత ఏది? ఎవరికీ చెప్పకుండా దాచీ దాచీ, తన నంబరు తన నోటికే రాకుండా పోయింది. వరసలో వెనకనున్నాయన దగ్గాడు. కౌంటరమ్మాయి గోళ్ళు చూసుకుంది.

"నీకు కూడా పిన్నిదే వచ్చు" అంది చిట్టి. తర్వాత చాలా నెమ్మదిగా, "అన్ని షాపుల్లోనూ ఇదే చెప్పావా? అందుకేనా పిన్ని ఎత్తలేదు?"

ఆవిడ తేలు కుట్టిన దొంగలా నిలబడింది. చిట్టి గొడుగు మూసి కౌంటరు మీద పెట్టింది.

"అక్కా, మీ ఫోను ఒకసారి ఇస్తారా?" అని కౌంటరమ్మాయిని అడిగి తీసుకుంది. అంకెల వైపు చూడకుండానే నొక్కింది. పిన్నికి ఇది తెలియని నంబరు, ఎత్తుతుందో లేదోనని పెదవి కొరుక్కుంటూ చెవి దగ్గర పెట్టుకుంది.

ఒక్క రింగు కూడా పూర్తవలేదు. పక్కన నిలబడ్డ తల్లికి కూడా వినపడేంత ఆత్రంగా, మిషను చప్పుడు మధ్యలోంచి గొంతు వచ్చింది. "హలో! చిట్టీ? చిట్టీ, నువ్వేనా అమ్మా?"

పిల్ల మొహం వంకరపోయింది. కళ్ళవెంట నీళ్ళు జలజలా రాలాయి. "నేనే పిన్నీ" అంది. "బాగానే ఉన్నా. తప్పిపోలేదు. అమ్మ పక్కనే ఉంది." ముక్కు ఎగబీల్చుకుని, ఫోను తల్లి ముందుకు చాపింది. "అమ్మ నీకో మాట చెప్పాలంట."

ఆవిడ ఆ ఫోను వైపు చూసింది. ఇంత జరిగినా, అంకెలు చూడకుండా నొక్కిన ఆ వేళ్ళను చూస్తే కుళ్ళు పుడుతూనే ఉంది. అసూయ అంత తొందరగా చచ్చే జీవం కాదు. అయినా చెయ్యి చాపి అందుకుంది.

"అక్కా? చెప్పక్కా, వింటున్నా" అంటోంది అవతల చిన్నామె. మిషను గడగడా నడుస్తూనే ఉంది.

"అమ్మాయ్" అంది ఆవిడ. వరసలోవాళ్ళు వింటున్నారు. చిట్టి వింటోంది. "నీ నంబరు ఊరంతా పంచింది నేనే."

అవతల మిషను చప్పుడు ఆగిపోయింది.